నార్మండీ: ఆ ఫోటోలు తీసిన ఒడ్డు

రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్ 6న ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని నార్మండీలో మిత్రరాజ్యాల సైన్యం దిగినప్పుడు తీసిన ఫోటోల్లో రెండింటిని మనలో చాలామంది ఎక్కడో ఒకచోట చూసే ఉంటాం. ఒకటి అమెరికా కోస్ట్ గార్డ్ ఫోటోగ్రాఫర్ రాబర్ట్ సార్జెంట్ పడవలోంచి తీసింది. పడవ ముందు తలుపు నీళ్లలోకి వాలి ఉంటుంది. సైనికులు నడుము లోతు నీళ్లలో, పొగ కమ్మిన ఒడ్డు వైపు నడుస్తుంటారు. రెండోది యుద్ధ ఫోటోగ్రాఫర్ రాబర్ట్ కాపా తీసింది. అలల్లో బోర్లా పడి పాకుతున్న సైనికుడు, హెల్మెట్ కింద మసకబారిన ముఖం. విశేషమేమిటంటే ఈ ఇద్దరూ శామ్యూల్ చేజ్ అనే ఒకే ఓడలో వచ్చారు. చేరింది ఓమాహా బీచ్‌లో ఈజీ రెడ్ అని సైన్యం పేరు పెట్టుకున్న భాగానికి, ఆ చుట్టుపక్కలకి.

ఈ ఫోటోల మీద ప్రేమతో నార్మండీ వెళ్లేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అక్కడ మ్యూజియంలకు కొదవ లేదు. నా దృష్టిలో మాత్రం మొదట చూడాల్సింది ఒడ్డు, అదీ ఆటు వేళ.

పారిస్ సెంట్ లజార్ స్టేషన్ నుంచి బాయో పట్టణానికి రైల్లో రెండుంబావు గంటలు. కొన్ని రైళ్లకి దారిలో కాన్ (Caen) నగరంలో మారాలి. బసకు బాయోయే మేలు. యుద్ధంలో పెద్దగా దెబ్బతినని ఊరు కాబట్టి పాత రాతి ఇళ్లు, చర్చి అలాగే ఉన్నాయి, అన్నీ నడిచి చేరుకునే దూరంలోనే. కాన్‌లో హోటళ్లు ఎక్కువ, రేటూ కాస్త తక్కువ, కానీ రోజూ రాకపోకలకే సమయం పోతుంది. బీచ్ పక్కన గెస్ట్‌హౌస్‌లు బాగుంటాయి. సొంత కారు లేకపోతే మాత్రం సాయంత్రం భోజనానికి కూడా ఇబ్బందే. బాయో నుంచి ఓమాహా వైపు నోమాడ్ అనే ప్రాంతీయ బస్సులు ఉన్నాయి గానీ రోజుకి కొన్నే. అద్దె కారు తీసుకుంటే గేర్లు లేని బండి కావాలని ముందే బుక్ చేసుకోండి, అక్కడ అవి తక్కువ, ఖరీదూ ఎక్కువ. మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా దగ్గరుంటే టెన్షన్ ఉండదు.

మొదట నేను ఒక వ్యాన్ టూర్‌లో వెళ్లాను. గైడ్ బాగానే చెప్పాడు, కానీ సరిగ్గా పోటు వేళకి తీసుకెళ్లి, బీచ్ దగ్గర పావుగంట ఆపి, ఎక్కండి ఎక్కండి అన్నాడు. మేం చూసింది సన్నటి ఇసుక పట్టీ మాత్రమే. ఆ ఫోటోలకీ ఈ చోటుకీ పొంతనే కుదరలేదు. మనసు ఒప్పక మళ్లీ విడిగా వెళ్లాను. టూర్ కట్టించుకునే వాళ్లని అడగాల్సిన మొదటి ప్రశ్న, ఆ రోజు ఆటు ఎన్ని గంటలకి, బీచ్ మీద ఎంతసేపు ఉంచుతారు అని. బాయో టూరిస్ట్ ఆఫీసులో ఆటుపోట్ల వేళలు చెబుతారు.

మన విశాఖ తీరంలో ఆటుకీ పోటుకీ నీటిమట్టంలో తేడా రెండు మీటర్లు దాటదు. ఇక్కడ ఆరేడు మీటర్లు ఉంటుంది. సముద్రం వెనక్కి తగ్గితే వందల మీటర్ల తడి ఇసుక బయటపడుతుంది. జర్మన్లు నీళ్లలో పాతిన దుంగలు, ఇనుప కమ్మీలు, వాటికి కట్టిన మందుపాతరలు పడవ నడిపేవాళ్ల కంట పడాలని, ఆటు ముగిసిన కాసేపటికే, ఉదయం 6:30కి దాడి మొదలుపెట్టారు. పడవలకి కలిసొచ్చిందే సైనికుల పాలిట శాపమైంది, ఆ ఇసుకంతా చాటు లేకుండా దాటాల్సి వచ్చింది. ఓమాహాలో ఆ ఒక్కరోజే రెండు వేల మందికి పైగా చనిపోవడమో, గాయపడడమో, గల్లంతవడమో జరిగింది.

ఆటు వేళ నీటి అంచు దాకా నడిచి, వెనక్కి తిరిగి, ఒడ్డు వెనకున్న ఎత్తైన గట్టు వైపు చూడండి. సార్జెంట్ ఫోటోలో పొగ చాటున కనిపించేది ఆ గట్టే. ఆయన అది తీసింది ఉదయం 7:40 ప్రాంతంలో. తర్వాత కొన్ని అడుగులు ఒడ్డు వైపు వేసి సముద్రానికి ఎదురుగా నిలబడండి. కాపా ఫోటోలో సైనికుడు కెమెరా వైపు వస్తున్నాడు, వెనక నీళ్లూ దుంగలూ ఉన్నాయి. అంటే ఆ క్షణంలో కాపా తన వీపుని జర్మన్ తుపాకులకి అప్పగించి నిలబడ్డారు. పుస్తకంలో ఎన్నిసార్లు చూసినా నాకు తట్టని ఈ విషయం అక్కడ నిలబడగానే వెన్నులో తెలిసింది. ఆ సైనికుడు ఎవరన్నది ఇప్పటికీ తేలలేదు. లండన్ ల్యాబ్‌లో వేడికి కాపా ఫిల్మ్ కరిగిపోయి పదో పదకొండో ఫోటోలే మిగిలాయన్న కథని ఇటీవలి పరిశోధకులు ఒప్పుకోవడం లేదు, అసలు ఆయన తీసినవే ఆ కొన్ని అంటున్నారు. తీసింది కొన్నే అయినా నాకు ఆయన మీద గౌరవం రవ్వంత కూడా తగ్గలేదు.

అక్కడి నుంచి గట్టెక్కి డబ్ల్యూఎన్ 62 అనే జర్మన్ స్థావరానికి వెళ్లండి. టికెట్ లేదు, కాంక్రీటు గూళ్లు మిగిలి ఉన్నాయి. మెషీన్‌గన్ ఉన్న చోటు నుంచి ఈజీ రెడ్ అంతా అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. పక్కనే కోల్‌విల్‌లో అమెరికన్ సమాధుల స్థలం, 9,380 పైచిలుకు తెల్ల పాలరాతి గుర్తులు. ప్రవేశం ఉచితం, నిర్వహణలో వంక పెట్టేందుకేమీ లేదు. సందర్శకుల కేంద్రంలోకి సెక్యూరిటీ తనిఖీ ఉంటుంది, పెద్ద బ్యాగులు గదిలోనే వదిలి రండి.

మ్యూజియంలలో కోల్‌విల్ దగ్గరి ఓవర్‌లార్డ్‌కి ట్యాంకులు, వాహనాలు ఇష్టపడేవాళ్లు వెళ్లొచ్చు. ఫోటోల కోసం వెళ్తే మాత్రం అక్కడ పెద్దగా దొరకదు.

కారు ఉంటే బెర్నియేర్‌కి తప్పకుండా వెళ్లండి. అది జూనో బీచ్, కెనడా సైన్యం దిగిన చోటు. పడవలోంచి కెనడా సైన్యపు కెమెరామన్ తీసిన ఫిల్మ్‌లో, దిగుతున్న సైనికుల తలల మీదుగా ఒడ్డున ఒక పెద్ద ఇల్లు కనిపిస్తుంది. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. ఓమాహాలో గట్టుని బట్టి ఊహించుకోవాలి, ఇక్కడ కిటికీలతో సహా ఫ్రేమ్ సరిపోతుంది. ఇసుక మీద నిలబడి ఫోన్‌లో ఆ ఫ్రేమ్ తెరిచి పోల్చుకున్నాను. అందరికీ తెలిసిన రెండు ఫోటోల కంటే ఇదే నన్ను ఎక్కువ కదిలించింది. దగ్గర్లోని కూర్‌సూల్‌లో కెనడా వాళ్ల జూనో సెంటర్ ఉంది, పిల్లలతో వెళ్లేవాళ్లకి అది బాగా పనికొస్తుంది.

తిండి విషయంలో శాకాహారులు భయపడక్కర్లేదు. బక్‌వీట్ పిండితో వేసే గాలెట్ మన అట్టులాగే ఉంటుంది, చీజ్, పుట్టగొడుగులు పెట్టి ఇస్తారు. పంది మాంసం వద్దని ముందే చెప్పాలి. మధ్యాహ్నం రెండు దాటితే చాలాచోట్ల వంట కట్టేస్తారు.

బాయోలో బ్రిటిష్ సమాధుల స్థలానికి దగ్గర్లో విలేఖరుల స్మారకం ఉంది, దీన్ని చాలా టూర్లు వదిలేస్తాయి. 1944 నుంచి విధుల్లో చనిపోయిన విలేఖరులు, ఫోటోగ్రాఫర్ల పేర్లు ఏడాదివారీగా తెల్ల రాళ్ల మీద చెక్కారు. ఓమాహా నుంచి ప్రాణాలతో బయటపడ్డ కాపా, పదేళ్లకి, 1954 మేలో వియత్నాంలో మందుపాతర మీద కాలు పడి చనిపోయారు. ఈ స్మారకానికి టికెట్ లేదు, ఎవరైనా వెళ్లొచ్చు. 1994 నుంచి ఏటా బాయోలో యుద్ధ విలేఖరులకు అవార్డులిస్తున్నారు. అక్టోబరులో జరిగే ఆ రోజుల్లో ఊళ్లో ఫోటో ప్రదర్శనలు కూడా పెడతారు. మీకు వీలుంటే అప్పుడే వెళ్లండి. జూన్ మొదటి వారంలో గదులు దొరకవు, దొరికినా ధరలు చుక్కల్లో ఉంటాయి, బీచ్ దారుల్లో ఆంక్షలు కూడా పెడతారు.