పీఎంపీ రాయాలా, సీఏపీఎం చాలా?

పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్), సీఏపీఎం (సర్టిఫైడ్ అసోసియేట్ ఇన్ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్) రెండూ ప్రాజెక్టులు నడిపే పనికి సంబంధించిన సర్టిఫికెట్లు. రెండూ ఇచ్చేది అమెరికాలోని పీఎంఐ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్) సంస్థే. తేడా అంతా ఎవరు రాయొచ్చనే దగ్గరే.

సీఏపీఎంకి అనుభవం అక్కర్లేదు. ఇంటర్ పాసై, 23 గంటల శిక్షణ ఉంటే చాలు. తిరుపతిలో ఇంజినీరింగ్ ముగించి ఖాళీగా ఉన్న పిల్లలకు రెజ్యూమెలో ఒక లైను పెరుగుతుంది. అది చూసి జీతం పెంచినవాళ్లు మాత్రం నాకింకా తగల్లేదు.

పీఎంపీ లెక్క వేరు. నాలుగేళ్ల డిగ్రీ ఉంటే 36 నెలలు, ఇంటర్‌తో ఆగితే 60 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం చూపాలి. పైగా 35 గంటల శిక్షణ. చాలామంది తడబడేది ఇక్కడే. శ్రీసిటీ ఫ్యాక్టరీలో ఐదేళ్లు షిఫ్టు చూసుకున్నా అది రోజువారీ ఉత్పత్తి కిందికే వస్తుంది. ఫ్యాక్టరీలో కొత్త ఉత్పత్తి లైను వేయించే పని మొదటినుంచి చివరిదాకా మీరే నడిపించి ఉంటే, అదీ ప్రాజెక్టంటే! దరఖాస్తులో రాయాల్సింది ఆ ముక్కే.

పాసయ్యాక కూడా మూడేళ్లకోసారి 60 పీడీయూలు (కొత్తగా నేర్చుకున్నందుకు లెక్కలో పడే పాయింట్లు) కూడబెట్టాలి. సీఏపీఎంకైతే 15.

చెన్నైకో బెంగళూరుకో మారే ఉద్దేశం ఉంటే నా ఓటు పీఎంపీకే. ఊళ్లోనే సొంత కాంట్రాక్టులు చేసుకునేవాళ్లకు రెండూ దండగే. కంపెనీయే ఫీజు కడతానంటే మాత్రం ఇంకేం ఆలోచించకండి, రాసేయండి.