పైకి చూపించే బాణం: వరంగల్ ఎన్‌ఐటీ చుట్టుపక్కల నాలుగేళ్ల భోజనాలు

కాలేజీల దగ్గర హోటళ్లలో ‘ఫ్యామిలీ సెక్షన్’ అన్న బోర్డు పక్కన తరచూ ఒక బాణం గుర్తు ఉంటుంది. అది పైకి చూపిస్తుంది. ఆ బాణం మీద నాకు నాలుగేళ్లుగా కోపం. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం అదే.

మా పెద్దమ్మాయి వరంగల్ ఎన్‌ఐటీలో చదివింది. ఆ నాలుగేళ్లలో మేము రాజమండ్రి నుంచి పదమూడు సార్లు వెళ్లివచ్చాం. ఒక్కసారి తప్ప ప్రతిసారీ వెంట మా అత్తయ్యగారు ఉన్నారు. ఆవిడకు ఇప్పుడు డెబ్బై తొమ్మిది. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, ఇరవై ఏళ్లుగా చక్కెర వ్యాధి. మొదటిసారి వెళ్లినప్పుడు మా చిన్నవాడికి నాలుగేళ్లు. మా వారు తప్ప అందరం శాకాహారులం. నేను చెప్పేది ఇలాంటి ఇంటివాళ్లకే పనికివస్తుంది. స్నేహితులతో వెళ్లేవాళ్లకు ఇదంతా అక్కర్లేదు.

కాంపస్ కాజీపేటకూ హనుమకొండకూ మధ్య ఉంది. 1959లో మొదలైన ఈ కాలేజీ 2002లో ఎన్‌ఐటీ అయినా, మాకు తగిలిన పెద్దవయసు ఆటోడ్రైవర్లు ఇంకా పాత పేరుతో ‘ఆర్‌ఈసీ’ (రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ) అనే అన్నారు. కాజీపేట స్టేషన్ దగ్గరే కాబట్టి బండి దిగిన వెంటనే తిండి వెతుక్కోవడం కాలేజీ చుట్టుపక్కలే సాగుతుంది. టిఫిన్ సెంటర్లు, మెస్‌లు, బిర్యానీ హోటళ్లు, కర్రీ పాయింట్లు కావలసినన్ని ఉన్నాయి. అన్నీ విద్యార్థుల కోసం పెట్టినవి, పెట్టాలి కూడా. పిల్లలు పావుగంటలో తిని లేస్తారు, మా వంటివాళ్లం గంట కూర్చుంటాం. రోడ్డు మీదికి ఉన్న కింది గదిలో బల్ల ఎన్నిసార్లు ఖాళీ అయితే యజమానికి అంత లాభం. అందుకే నెమ్మదిగా తినేవాళ్లను మేడ మీదికి పంపించి, అక్కడ ఏసీ పెట్టి, ‘ఫ్యామిలీ’ అని రాస్తారు. వ్యాపారం లెక్క నాకు అర్థమవుతుంది. కుటుంబం అన్నాక అందులో ఒక ముసలి ప్రాణమో, చంకలో బిడ్డ ఉన్న తల్లో ఉంటుందన్న సంగతి మాత్రం ఆ లెక్కలో లేదు.

మొదటి ఏడాది ఓర్చుకున్నాం. అత్తయ్యగారిని ఆటోలోనే కూర్చోబెట్టి, ఇడ్లీ పార్సిల్ కట్టించి తెచ్చి ఇచ్చేదాన్ని. ఆవిడ ఒళ్లో పొట్లం పెట్టుకుని తినేవారు. ఒక్క మాట అనలేదు. నాకే ప్రాణం ఉసూరుమనేది.

రెండో ఏడాది ఆగస్టులో ఒక ఆదివారం జరిగింది వివరంగా చెప్పాలి. తెల్లవారుజామున కాజీపేట చేరవలసిన గౌతమి ఎక్స్‌ప్రెస్ ఆ రోజు బాగా ఆలస్యమైంది. ఎనిమిదింటికి ‘ఇంకో అరగంటలో దిగిపోతాం’ అని ఎవరో అంటే, అత్తయ్యగారు టిఫినుకు ముందు వేసుకునే చక్కెర మాత్ర వేసేసుకున్నారు. బండి స్టేషన్ బయటే ఆగిపోయింది. రెండు బిస్కెట్లు తిన్నారు, అంతే. మేము కాలేజీ దగ్గర హోటల్‌కు చేరేసరికి పది దాటింది.

ఆదివారం కాబట్టి పిల్లలు ఇంకా నిద్ర లేవలేదు. కింద ఆరు బల్లలుంటే నాలుగు ఖాళీగా ఉన్నాయి. వెళ్లి కూర్చోబోతే సర్వరు వచ్చి, ‘ఫ్యామిలీ పైన, మేడమ్’ అన్నాడు. పెద్దావిడ మెట్లు ఎక్కలేరని చెప్పాను. ‘కింద కూర్చోబెడితే ఓనర్ ఊరుకోరు’ అన్నాడు. అతణ్ని తప్పుపట్టను, ఉద్యోగం అతనిది. మా వారు కౌంటర్ దగ్గర గట్టిగా అడుగుతుంటే, నలుగురిలో గొడవ ఎందుకని అత్తయ్యగారే కొంగు దోపుకుని ‘పదమ్మా, ఎక్కుతాను’ అన్నారు.

మొత్తం ఇరవై రెండు మెట్లు. పదకొండు దగ్గర మలుపు. రెయిలింగు ఒకవైపే ఉంది, అదీ ఆవిడకు నొప్పి ఎక్కువగా ఉన్న కాలి వైపు కాదు. పద్నాలుగో మెట్టు మీద ఆగిపోయారు. నుదుటి మీద చెమట, చేతులు వణుకు, మాట తడబడుతోంది. చక్కెర పడిపోయిందని నాకు అర్థమైంది. మెట్టు మీదే కూర్చోబెట్టి కిందికి అరిచాను. ఒక కుర్రాడు తన ఇడ్లీ ప్లేటు వదిలేసి, టీ కౌంటర్‌లో చక్కెర డబ్బా అందుకుని, గ్లాసు నీళ్లలో కలిపి పరుగున తెచ్చాడు. ఆవిడ దాన్ని గుక్క గుక్కగా తాగారు. పావుగంటకు చేతులు కుదుటపడ్డాయి. ఆ పావుగంటా మా చిన్నవాడు నానమ్మ చీర చెంగు పట్టుకుని, ఒక్క చుక్క కన్నీరు కార్చకుండా నిలబడి ఉన్నాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్లవుతుంది.

తర్వాత యజమాని స్వయంగా వచ్చి కింద బల్ల చూపించారు. అత్తయ్యగారు కూర్చోలేదు. అంతకు ముందు ప్రయాణంలో మేము వేయి స్తంభాల గుడికి వెళ్లాం. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడి పీఠం కూడా ఎత్తే, అయినా ఆవిడ నా భుజం పట్టుకుని ఎక్కారు. అది గుర్తు చేసుకుని, ‘గుడికైతే ఎక్కుతాను. ఇడ్లీకి కూడా ఎక్కాలా?’ అన్నారు. ఆ రోజు ఆవిడ అన్న మాట అదొక్కటే.

చక్కెర నీళ్లు తెచ్చిన కుర్రాడే మాకు దారి చూపించాడు. ‘ఫాతిమానగర్ వైపు వేపచెట్టు ఉన్న మెస్ ఒకటి ఉంది ఆంటీ. మా అమ్మ వస్తే అక్కడికే తీసుకెళ్తాను’ అన్నాడు. వాళ్ల అమ్మగారికి కాలు విరిగి రాడ్డు వేశారట. నేను అప్పటిదాకా ఫోనులో చుక్కల రేటింగులు చూసి వెతికాను. ఆ చుక్కలు వేసేది పిల్లలు. బిర్యానీ ఎంత పెట్టారు, రాత్రి ఎంతవరకు తెరిచి ఉంటుంది అన్నదాన్ని బట్టి వేస్తారు. మెట్ల సంగతి వాళ్లెందుకు రాస్తారు? అమ్మానాన్నలు వస్తే ఎక్కడికి తీసుకెళ్తారని ఒక్క విద్యార్థిని అడిగి ఉంటే మొదటి ఏడాదే తెలిసేది.

ఆ మెస్‌కు అసలు పేరు వేరే ఉంది, మా ఇంట్లో మాత్రం అది ‘వేపచెట్టు మెస్’. ఒక ఇంటి ముందు గది, అందులో నాలుగు బల్లలు. వీధికీ గదికీ మధ్య ఒక్క గడపే. ఫ్యామిలీ అనీ, స్టూడెంట్స్ అనీ వేరు చేసే బోర్డు లేదు. నన్ను కదిలించింది కుర్చీలు. అన్నీ చేతులున్న కుర్చీలు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లను అడగండి, బెంచీ మీద నుంచి లేవడం ఎంత నరకమో చెబుతారు. కుర్చీ చేతుల మీద బరువు మోపి లేస్తే ఇంకొకరి సాయం అక్కర్లేదు. చేతులు కడుక్కునే సింకు కూడా ఆ గదిలోనే, దాని ముందు చిన్నపిల్లలు ఎక్కడానికి ఒక పీట.

మెస్ నడిపే ఆవిడ మా అత్తయ్యగారి ముఖం చూసి ఏమీ అడగలేదు. ‘పెద్దమ్మా, ముందు ఇది తినండి, వంట అయ్యేలోపు’ అని పొద్దుటి అన్నంలో పెరుగు మెత్తగా కలిపి గిన్నెలో తెచ్చి పెట్టారు. దానికి డబ్బు తీసుకోలేదు. చాలాచోట్ల ‘ఫుల్ మీల్స్ షేరింగ్ లేదు’ అని గోడ మీద రాసి ఉంటుంది. గుప్పెడు అన్నం తినే ముసలావిడకూ, నాలుగు ముద్దలు తినే పిల్లవాడికీ చెరొక పూర్తి భోజనం కొనాల్సిందే. ఇక్కడ వాళ్లిద్దరికీ కలిపి ఒకటే లెక్క వేశారు. మరుసటిసారి మేము ముందుగా చెప్పకుండా వెళ్లినా, ఆవిడ పప్పు కారం లేకుండా వేరుగా తీసి పెట్టారు. ఒకసారి సర్వపిండి కాల్చి ఇచ్చారు. బియ్యప్పిండి, శనగపప్పు, పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకు అద్ది కాల్చిన అంచు కరకరలాడుతుంటే, దిబ్బరొట్టెకు అలవాటు పడిన మా అత్తయ్యగారు మెత్తటి మధ్యభాగం మొత్తం తినేశారు. అంచులు మేము పంచుకున్నాం.

అప్పట్లో కనిపించిన ప్రతి తల్లిదండ్రులకూ ఈ మెస్ గురించి చెప్పాను. ఇప్పుడు కొన్ని సవరణలు చేయాలి.

మరుగుదొడ్డి పెరటి అవతల ఉంది, కూర్చుని లేవాల్సిన రకం. అత్తయ్యగారి వరకు అది లేనట్లే. బయలుదేరే ముందే అమ్మాయి వాళ్ల హాస్టల్ దగ్గర ఏర్పాటు చూసుకునేవాళ్లం. కారం మా గోదావరి నోళ్లకు ఎక్కువ, అడిగితే తప్ప తగ్గించరు. నువ్వులపొడి వేసిన వాళ్ల పచ్చి పులుసు నాకు ప్రాణం, చిన్నవాడు మాత్రం మూడేళ్లు అయినా ముట్టుకోలేదు. ఆదివారం రాత్రి ఉండదు. సెమిస్టరు సెలవుల్లో అసలే ఉండదు. మూడో ఏడాది డిసెంబరులో అమ్మాయిని ఇంటికి తీసుకురావడానికి వెళితే తలుపుకు తాళం. తప్పు వాళ్లది కాదు, పిల్లలు లేనప్పుడు ఎవరికి వండుతారు? అయినా ఆ మధ్యాహ్నం అత్తయ్యగారు మళ్లీ ఆటోలోనే తిన్నారు. నాలుగో ఏడాది వచ్చేసరికి పార్సిళ్లు తీసుకెళ్లే కుర్రాళ్ల సంచులు గది నిండా చేరాయి. నాలుగు బల్లలు రెండయ్యాయి. ఆవిడ కొడుకు కౌంటర్‌లో ఫోను చూస్తూ నంబర్లు పిలుస్తుంటే, కడుపు నిండా తిని కాసేపు కబుర్లు చెప్పుకునే తీరిక పోయింది.

అందువల్ల ఒక్క చోటునే నమ్ముకోవద్దు. స్ప్రింగ్‌స్ప్రీ, టెక్నోజియాన్ అనే కాలేజీ ఉత్సవాలు జరిగే రోజుల్లో కాలేజీ పక్కన కుటుంబంతో తినాలనుకోవడమే కష్టం. అప్పుడు నేరుగా హనుమకొండ చౌరస్తా వైపు, లిఫ్టు ఉన్న పెద్ద హోటల్‌కు వెళ్లిపోవడం మేలు. ఖర్చు దాదాపు రెట్టింపు, వడ్డనలో ఆప్యాయత తక్కువ, కానీ మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుంది, ఎత్తుగా ఉంటుంది. స్నాతకోత్సవం రోజు మేము అదే చేశాం. వెళ్లేముందు ఫోను చేసి ‘ఫ్యామిలీ సెక్షన్ ఉందా’ అని అడగకండి, ఉందనే చెబుతారు. ‘కింద ఉందా, ఎన్ని మెట్లు’ అని అడగండి. ఆదివారం పొద్దున్న తొమ్మిదిలోపు వెళితే విద్యార్థుల హోటళ్లలో కూడా కింద చోటు దొరుకుతుంది, పిల్లలు అప్పటికి లేవరు. మాకు ఆ ఆగస్టులో జరిగినట్లు ఎవరైనా పైకి పొమ్మంటే, పెద్దవాళ్లను ఎక్కనివ్వకుండా అక్కడే నిలబడి అడగండి. నేను ఆ రోజు అడగడం ఆపేసినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఇంకొక మాట కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆ మేడ మీది హోటల్‌లో పెసరట్టు చాలా బాగుంటుంది. ఒకసారి అత్తయ్యగారు ఊళ్లో ఉండిపోతే నేనూ అమ్మాయీ వెళ్లి తిన్నాం. అల్లం, పచ్చిమిర్చి సరిగ్గా పడి, అంచు పలుచగా కాలి, పక్కన ఉప్మా. వేపచెట్టు మెస్‌లో టిఫిను దీని దరిదాపులకు రాదు. మా అమ్మాయి ఆ రోజు మెట్లు దిగుతూ పద్నాలుగో మెట్టును కాలితో తొక్కకుండా దాటింది. నేను చూశాను, ఏమీ అనలేదు.

ఈ ఏడాది మా తమ్ముడి కొడుకు అక్కడే చేరాడు. వాళ్లింట్లో అందరి మోకాళ్లూ బాగున్నాయి. వాళ్లకు నేను ఆ మేడ మీది హోటలే చెప్పాను.