వైజాగ్‌లో షిట్జు కుక్కపిల్లను కొనేవాళ్లు కాస్త జాగ్రత్త

షిట్జు తీసుకుందామా, లాసా ఆప్సో తీసుకుందామా అని ఆలోచిస్తున్న వైజాగ్ వాళ్లకు ఈ పోస్టు. "రెండూ ఒకటేనండీ, బొచ్చుకుక్కలే" అనేవాడికి మాత్రం అడ్వాన్సు ఇవ్వకండి. మాకు ఆ మాట చెప్పినవాడే షిట్జు అని 18,000 తీసుకుని, పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు సోకిన పిల్లను చేతిలో పెట్టాడు. అసలది షిట్జు కూడా కాదు.

రెండూ ఒకటెలా అవుతాయి? లాసా టిబెట్ మఠాల్లో కాపలాకు పెంచిన జాతి. కొత్తవాళ్లంటే పడదు, కొరియర్ అబ్బాయి లిఫ్ట్ దిగేలోపే మొరుగుడు మొదలు. షిట్జు చైనా రాజభవనాల్లో గారాబంగా పెరిగిన రకం, ఎవరొచ్చినా తోకాడిస్తుంది. మాది ఎంవీపీ కాలనీలో అపార్ట్‌మెంటు, పక్కింట్లో పసిపాప ఉంది. అందుకే షిట్జు అనుకున్నాం. దానికీ ఓ చిక్కుంది, చప్పిడి ముక్కు. కుక్కలు రొప్పుతూ, నోటి తడి ఆరడంతో ఒంటి వేడి తగ్గించుకుంటాయి. చప్పిడి ముక్కుతో షిట్జు సరిగా రొప్పలేదు, పైగా మన సముద్రపు ఉక్కలో ఆ తడి త్వరగా ఆరదు. మే నెలలో ఏసీ లేని ఇంట్లో షిట్జు నరకం చూస్తుంది. మొరుగుడు భరించగలిగితే అలాంటి ఇంటికి లాసాయే నయమని నా అభిప్రాయం.

ఇక మా పిల్ల సంగతి. తల్లిని చూపించమంటే విజయనగరంలో ఉందన్నాడు. హనుమంతవాక జంక్షన్‌కి అట్టపెట్టెలో తెచ్చిచ్చాడు. వయసు 55 రోజులన్నాడు. మర్నాటికే వాంతులు, నెత్తుటి విరేచనాలు. డాక్టరుగారు దాని నోరు తెరిచి చూపించారు. ముందు పళ్లు అప్పుడే మొలుస్తున్నాయి, వెనకాల అంతా బోడి చిగుళ్లే. 55 రోజులకి 28 పాలపళ్లూ దాదాపు వచ్చేసి ఉండాలి. ఇదేమో నెల దాటితే గొప్ప. టీకా కార్డులో తేదీ పెన్నుతో రాసుంది గానీ, మందు సీసా మీది స్టిక్కరు లేదు, డాక్టరు ముద్రా లేదు.

ఫోన్ చేస్తే "మీరే ఏదో తినిపించుంటారు మేడం" అన్నాడు. పార్వో సోకాక లక్షణాలు కనబడడానికి మామూలుగా 3 నుంచి 7 రోజులు పడుతుంది. మర్నాడే బయటపడిందంటే రోగం వాడి దగ్గర్నుంచే వచ్చింది. ఆ మాట అనేసరికి నంబరు బ్లాక్ చేశాడు.

సెలైన్ల మీద నెట్టుకొచ్చి బతికింది. ఇప్పుడు మూతి సాగింది, లాసాకీ ఇంకేదానికో పుట్టినట్టుంది. కాలింగ్ బెల్ మోగితే చాలు, ఫ్లోరంతా లేచి కూర్చుంటుంది. అమ్మ మాత్రం దాన్ని ఎవరికీ ఇచ్చేది లేదంటోంది.

2017 కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, బ్రీడరుకు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. మొహమాటపడకుండా అడగండి. పిల్లను తల్లి దగ్గరే చూడండి. పిల్లల్లో తేడా తెలియకపోయినా తల్లి మూతి పొడవు చెప్పేస్తుంది. లాసాకి సుమారు 4 సెంటీమీటర్లుంటుంది, మంచి షిట్జుకి 2.5 దాటదు. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) జాతి పేపర్లు తర్వాత కొరియర్ చేస్తానన్నాడంటే ఇక రానట్టే.

డబ్బు యూపీఐలోనే పంపండి, జాతి, వయసు వాట్సాప్‌లో రాయించుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేసినప్పుడు నా చేతిలో ఉన్న ఆధారాలు అవే. ఇంకొకటి, పార్వో వచ్చిన ఇంట్లో ఆ వైరస్ నెలల తరబడి బతుకుతుంది. ఫినాయిల్‌కి లొంగదు, బ్లీచ్ కలిపిన నీళ్లతో కడగాల్సిందే. టీకాలు పూర్తికాని ఇంకో పిల్లను వెంటనే ఆ ఇంట్లోకి తేకండి.