నీటి కలువల కిట్లు కొంటున్నారా? ముందు ఆ మట్టి ప్యాకెట్ సంగతి చూడండి

సోషల్ మీడియాలో ‘నీలి కలువ కిట్’ అని కనిపించే ప్రకటనలు చూసి ఆర్డర్ పెట్టబోయేవాళ్లు కాస్త ఆగండి. దుంప, కుండీ, మట్టి, ఎరువు అన్నీ ఒకే పెట్టెలో వస్తాయి, కుండీలో నాటి, కొలనులో దించడమే మీ పని అని మాకు అమ్మినవాళ్లు చెప్పారు. డబ్బు మొత్తం ముందే యూపీఐలో వేయించుకున్నారు.

మట్టి పేరుతో వచ్చింది కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) కలిపిన పొడి. మేడ మీద వంగ, టమాటా పెంచుకోవడానికి అది మంచిదే. నీళ్లలో మునిగి ఉండే కుండీకి మాత్రం అస్సలు పనికిరాదు. తేలికగా ఉన్నదంతా పైకి తేలిపోతుంది, మిగిలింది అడుగున కుళ్లుతుంది. మా పెరటి కొలనులో నీళ్లు టీ రంగుకు తిరిగి, కంపు కొట్టి, దోమల కోసం వేసుకున్న గప్పీ చేపలు చచ్చిపోయాయి. కుళ్లే చెత్త నీళ్లలో ఉన్న ఆక్సిజన్‌ని లాగేస్తుంది మరి. అలాంటి పొడి ప్యాకెట్ మీద ‘నీటి మొక్కలకు ప్రత్యేకం’ అని ముద్రించి అమ్ముతున్నారంటే కడుపు మండిపోతోంది. దుంప కూడా నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. ఫోన్ చేస్తే మీ నీళ్లే బాగోలేవన్నారు, ఆ తర్వాత నంబర్ బ్లాక్ చేశారు.

కలువకు కావాల్సింది బరువైన బంకమట్టి. చెరువు మట్టి దొరికితే ఇంకా మంచిది. కుండీ లోతు కన్నా వెడల్పు ముఖ్యం. అడుగున చిల్లులు ఉండకూడదు (మాకొచ్చిన కుండీకి ఉన్నాయి). ఎరువు వేస్తే మట్టి లోపలికి గుచ్చి పెట్టాలి, పైన చల్లితే పాచి పడుతుంది. దుంప మొలక కొన మట్టి పైకి కనిపిస్తూ ఉండాలి. అడ్డంగా పాకే రకమైతే దుంపను కుండీ అంచున పెట్టి, కొనను మధ్యకు తిప్పండి. మట్టి మీద సన్న గులకరాళ్లు పరిస్తే చేపలు కెలకవు. మొదట్లో కుండీ మీద నాలుగైదు అంగుళాల నీళ్లే ఉండేలా కింద ఇటుకలు పేర్చి, ఆకులు వచ్చేకొద్దీ దించుకోండి. రోజుకు ఐదారు గంటల ఎండ తగలకపోతే పూలు రావడం కష్టం.

విత్తనాల మోసం ఇంకోటి. గోళీల్లా గట్టిగా, నల్లగా ఉండేవి తామర గింజలు. కలువ గింజలు చాలా చిన్నవి. పైగా హైబ్రిడ్ రకాల గింజలు మొలిచినా తల్లి మొక్క రంగే వస్తుందన్న నమ్మకం లేదు. ‘నీలి తామర గింజలు’ అంటే అసలు కొనకండి. నీలం రంగు కలువల్లోనే ఉంది, తామరల్లో లేదు.

వీలైతే నర్సరీలకు పేరున్న కడియం వైపో, మీ దగ్గర్లోని నర్సరీకో వెళ్లి, తొట్టిలో ఆకులతో, మొగ్గతో ఉన్న మొక్కనే చూసి తెచ్చుకోండి. ఆన్‌లైన్లో తప్పదనుకుంటే మీకు పంపబోయే మొక్కనే వీడియోలో చూపించమనండి, పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. పాడైన సరుకు వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు. డబ్బు తీసుకుని అసలేమీ పంపకపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇలాంటి కిట్ ఇప్పటికే నాటేసినవాళ్లు ఈరోజే ఆ కుండీని కొలనులోంచి పైకి తీయండి. దుంపను కడిగి, కుళ్లిన భాగాన్ని గట్టి కండ కనిపించేదాకా కోసేయండి. మిగిలిన ముక్కను శుభ్రమైన నీళ్లలో వేసి వెలుతురు బాగా తగిలేచోట ఉంచండి, నీళ్లు మారుస్తూ ఉండండి. కొన బతికి ఉంటే చిన్న ఆకు వస్తుంది. అప్పుడు బంకమట్టిలో నాటుకోవచ్చు.