డప్పు పక్కన గిటార్: నేను వాడుతున్న సెటప్, నా టోన్

జానపద బృందంలో గిటార్ వాయించాలంటే ముందు డప్పుని వినాలి. కుడిచేతిలోని లావు కర్ర సిర్ర లోతైన దెబ్బ వేస్తుంది, ఎడమచేతి సిటికెన పుల్ల చురుక్కుమంటుంది. మన పిక్, అంటే తీగలు మీటే బిళ్ల, తీగకి తగిలినప్పుడు వచ్చే టిక్కు సరిగ్గా ఆ పుల్ల దెబ్బ మీదే పడుతుంది. అక్కడ డప్పుతో పోటీకి దిగితే గిటార్ ఎలాగూ వినపడదు, పాడేవాళ్ల మాటలూ చెదిరిపోతాయి. కాబట్టి నాకు కావాల్సింది టిక్కు తక్కువ, మోత ఎక్కువ ఉండే టోన్. యమహా ఎఫ్‌జీ 800 గిటార్, దాని శబ్దాన్ని పట్టి ఆంప్‌కి పంపే ఎల్.ఆర్. బ్యాగ్స్ ఎమ్1 పికప్, ఆ శబ్దాన్ని పెంచి వినిపించే రోలాండ్ ఏసీ 33 ఆంప్. ఈ మూడింటితో ఏళ్ల తరబడి వాయించాక రాస్తున్నాను.

ఎఫ్‌జీ వరుస 1966లో మొదలైంది. ఎఫ్‌జీ 800 పైపలక ప్లైవుడ్ కాదు, అసలు స్ప్రూస్ చెక్క. వాయించేకొద్దీ నా గిటార్ గొంతు విచ్చుకుందనే నా చెవికి అనిపిస్తుంది. లోపలి పట్టీలని చెక్కి పలచన చేయడం వల్ల బేస్ బాగా పలుకుతుంది. గదిలో అది ఎంతో హాయిగా ఉంటుంది. ఆంప్‌కి పెట్టగానే మాత్రం అదే బేస్‌ని అదుపులో పెట్టాల్సి వస్తుంది.

టోన్‌లో సగం తీగల దగ్గరే తేలిపోతుంది. 12-53 మందం (అంగుళంలో వెయ్యో వంతుల్లో, సన్నతీగ నుంచి లావుతీగ దాకా) ఫాస్ఫర్ బ్రాంజ్ తీగలు నాకు రోజువారీ సెట్. కొత్తగా వేసినప్పుడు గలగలమంటాయి కాబట్టి ప్రోగ్రాంకి కొన్ని రోజుల ముందే మార్చేస్తాను. ఒక్క గొంతుకి తోడుగా వాయించేటప్పుడు, జోలపాటల్లాంటి వాటికి, సిల్క్ అండ్ స్టీల్ తీగలు వేస్తాను. బిగువు తక్కువ, శబ్దం మెత్తన. డప్పు ఉన్నప్పుడు అవి ఆనవు.

మిగతా సగం కుడిచేతిది. బ్రిడ్జ్, అంటే గిటార్ ఒంటి మీద తీగలు కట్టే చోటు, దాని వైపు వాయిస్తే పదును, సౌండ్ హోల్ దాటి మెడ వైపు జరిగితే గుండ్రటి నాదం. నేను ఆ మెడ వైపు అంచునే ఉంటాను. బొటనవేలి కండతో బేస్ తీగలు, వేళ్లతో మిగతావి. పిక్ తప్పదనుకుంటే మందంగా, అంచు గుండ్రంగా ఉన్నది. పలచటి పిక్ టపటపా కొట్టుకుంటుంది, ఈ పనికి అది వద్దు.

పికప్ దగ్గర కాస్త ఆగాలి. బ్రిడ్జ్ కింద ఉండి ఒత్తిడికి పలికే పీజో పికప్‌లు గట్టిగా కొట్టినప్పుడు ప్లాస్టిక్ డబ్బా మోగినట్టు పలుకుతాయి. ఆంప్‌లో ఎంత సర్దినా ఆ గుణం పూర్తిగా పోదు. ఎమ్1 సౌండ్ హోల్‌లో కూర్చునే అయస్కాంత పికప్. అందులో ఒక కాయిల్ (తీగచుట్ట) గిటార్ ఒంటి కదలికకి కూడా స్పందిస్తుంది, అందుకే చెక్క శబ్దం కొంత వినిపిస్తుంది. వేలితో ఒంటి మీద తడితే అదీ పలుకుతుంది. డప్పు ఆగిన చరణాల్లో నేను అలాగే లయ పట్టుకుంటాను. ఒక్క సర్దుబాటు మాత్రం తప్పనిసరి. బ్రాంజ్ చుట్టు అయస్కాంతానికి పలకదు, లోపలి ఉక్కు తీగే పలుకుతుంది. చుట్టు లేని బి, పై ఇ తీగలు రెండూ ఉక్కే కాబట్టి మిగతావాటిని మింగేస్తాయి. ఆ రెండింటి కింది స్క్రూలు కొంచెం దించితే ఆరు తీగలూ సమానంగా వస్తాయి. పికప్ కొన్నవాళ్లు ముందు చేయాల్సిన పని ఇదే.

ఇక ఆంప్. నిండుగా వినిపించాలని బేస్ పెంచేవాళ్లే ఎక్కువ. నిజానికి 200 హెర్ట్జ్ చుట్టుపక్కల తగ్గిస్తేనే గిటార్ శుభ్రపడుతుంది, నిండుదనం అప్పుడు బయటపడుతుంది. బేస్ నడిమికి కాస్త కింద, మిడ్ నడిమిన, ట్రెబుల్ ఇంకొంచెం కింద, రివర్బ్ (ప్రతిధ్వని) ఉందా లేదా అన్నంత. ఒక్క గిటార్‌ని నాలుగైదుగా వినిపించే కోరస్ ఎఫెక్ట్ జోలికి పోను, అది జానపదాన్ని సినిమా పాటలా చేసేస్తుంది. ఏసీ 33లో ఉన్నవి రెండు 5 అంగుళాల స్పీకర్లు. గుండెల్లో మోగే బేస్ వాటితో రాదు, నాకు అది అక్కర్లేదు కూడా. ఆ చోటు సిర్ర దెబ్బది. 8 పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది కాబట్టి కరెంటు లేని చెట్టు కింద కూడా రిహార్సల్ ఆగదు.

జాతర స్టేజీకి మాత్రం 30 వాట్లు చాలవు. లైన్ అవుట్ నుంచి మైక్ సెట్‌కి ఇచ్చి, ఆంప్‌ని మోకాలి పక్కన మానిటర్‌గా పెట్టుకుంటాను. మిక్సర్ మీద బేస్, ట్రెబుల్ రెండూ పైకి లేపడం చాలాచోట్ల అలవాటు. ముందే వెళ్లి, "అన్నా, గిటార్‌కి రెండూ నడిమిలో ఉంచు, మెరుపు డప్పు ఇస్తది" అని చెప్పుకుంటే పని జరుగుతుంది. హోరు మొదలైతే ఆంప్‌లోని యాంటీ ఫీడ్‌బ్యాక్ బటన్ చాలావరకు ఆపుతుంది. అప్పటికీ ఆగకపోతే గిటార్‌ని స్పీకర్ వైపు నుంచి పక్కకి తిప్పి కూర్చోవాలి.

ఆడవాళ్లు ఎత్తు శ్రుతిలో పాడితే కాపో, అంటే మెడ మీద బిగించి శ్రుతి పెంచే క్లిప్, అవసరం. ఐదో ఫ్రెట్ (మెడ మీది అడ్డపట్టీ) దాటి పెడితే గిటార్ మాండొలిన్ దారి పడుతుంది, అందుకే కార్డ్ షేప్ మార్చుకుని రెండు, మూడు ఫ్రెట్ల దగ్గరే సరిపెడతాను.

ఒంటరిగా మైక్ ముందు వాయించేవాళ్లకి ఈ పికప్, ఆంప్ అక్కర్లేదు, గిటార్ ఒక్కటి చాలు. డప్పు, కంజీర, కోరస్ గొంతుల మధ్య కూర్చునేవాళ్లయితే ముందు పికప్ కొనండి. ఆంప్ తర్వాత చూసుకోవచ్చు.