క్రోన్స్ వ్యాధా, పేగు టీబీయా అని తేలనప్పుడు ముందు ఏ మందు మేలు?

నెలల తరబడి విరేచనాలు, పొత్తికడుపులో కుడివైపు నొప్పి, అప్పుడప్పుడు జ్వరం, తగ్గిపోతున్న బరువు ఉన్న రోగికి కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పేగును చూసే పరీక్ష) చేసి, చిన్నపేగు చివరి భాగంలో పుండ్లు ఉన్నాయని చెప్పిన తరువాతే అసలు చిక్కు మొదలవుతుంది. 1932లో న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్ ఆసుపత్రికి చెందిన బరిల్ క్రోన్, ఆయన ఇద్దరు సహచరులు క్రోన్స్ వ్యాధిని, అంటే పేగులో దీర్ఘకాలం వాపు, పుండ్లు కలిగించే జబ్బును, వర్ణించడానికి ముందు ఇటువంటి రోగులలో చాలామందికి పేగు టీబీ అనే ముద్రే పడేది. టీబీ అరుదైన దేశాల్లో ఆ సందేహం ఇప్పుడు పెద్దగా రాదు గాని, టీబీ విస్తారంగా ఉండి క్రోన్స్ కూడా పెరుగుతున్న మన దేశంలో నేటికీ వదలలేదు.

పుండ్లు పేగు పొడవునా సాగి, మధ్యమధ్య ఆరోగ్యమైన భాగాన్ని వదిలి కనిపించినా, మలద్వారం వద్ద ఫిస్టులా (అసహజంగా ఏర్పడిన సొరంగం లాంటి దారి) ఉన్నా క్రోన్స్ వైపు మొగ్గు ఎక్కువ. పుండు పేగుకు అడ్డంగా చుట్టుకొని ఉండి, చిన్నపేగు పెద్దపేగులో కలిసేచోటి కవాటం మూసుకోకుండా తెరుచుకుపోయి ఉంటే, సీటీ స్కాన్‌లో మధ్యభాగం కుళ్లిన లింఫు గ్రంథులు కనిపిస్తే, టీబీ అనుమానం బలపడుతుంది. పేగు వాపును సూచించే కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ మలంలో రెండింటిలోనూ పెరుగుతుంది కనుక ఇక్కడ అది తీర్పు చెప్పలేదు. టీబీ కోసం చర్మంపై చేసే మాంటూ పరీక్ష పాజిటివ్ వచ్చినా, శరీరంలో నిద్రాణంగా టీబీ క్రిములున్నవారు కోట్లలో ఉన్న దేశంలో దానికి విలువ తక్కువ. పేగు నుంచి తీసిన ముక్క పరీక్షలో (బయాప్సీలో) టీబీ క్రిమి గాని, కేంద్రం కుళ్లిన గ్రాన్యులోమా (రోగనిరోధక కణాల చిన్న ముద్ద) గాని దొరికితే విషయం తేలిపోతుంది. టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్ష పాజిటివ్ అయినా అంతే. అయితే పేగు టీబీలో ఇవి దొరకకపోవడమే ఎక్కువ కాబట్టి, నెగటివ్ వచ్చినంత మాత్రాన టీబీ లేదని అనుకోకూడదు. కల్చర్‌కు, అంటే క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకు, పంపే ముక్కను ఫార్మలిన్‌లో వేస్తే క్రిములు చచ్చిపోతాయి. దానిని సెలైన్‌లోనే (ఉప్పునీటి ద్రావణంలోనే) పంపాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, ఇక్కడ పొరబడితే ఒక ముఖ్యమైన ఆధారం చేజారుతుంది.

ఇంత చేసినా తేలనప్పుడు దారులు రెండు: టీబీ మందులు మొదలుపెట్టి ఫలితం చూడడం, లేదా క్రోన్స్ అనుకొని స్టెరాయిడ్లు ఇవ్వడం. ఈ రెండింటిలో జరిగే పొరపాట్లు సమానమైనవి కావు. టీబీ ఉన్న మనిషికి స్టెరాయిడ్ ఇస్తే మొదట్లో కాస్త నెమ్మదించినట్టు అనిపించినా, రోగనిరోధక శక్తి అణగి టీబీ శరీరమంతా పాకవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. క్రోన్స్ రోగికి టీబీ మందులు ఇస్తే, కాలేయానికి హాని కలిగే అవకాశంతో పాటు, అసలు చికిత్స ఆలస్యమవుతుంది. అందుకే నిజంగా సందేహం మిగిలినప్పుడు టీబీ మందులు ముందు ఇవ్వడమే మేలని నా అభిప్రాయం, అయితే గడువు పెట్టుకొని మాత్రమే.

ఆ గడువు రెండు, మహా అయితే మూడు నెలలు. అప్పటికి మళ్లీ కొలనోస్కోపీ చేసి పుండ్లు మానాయో లేదో చూడాలి. నెలకే ఆకలి పెరిగిందన్న సంతోషంలో ఈ రెండో పరీక్షను మానుకోవడం తరచుగా జరిగే తప్పు. కొందరు క్రోన్స్ రోగులకు కూడా టీబీ మందులతో తాత్కాలికంగా ఉపశమనం కలుగుతుంది గనుక సాక్ష్యం చెప్పవలసింది పుండే గాని ఆకలి కాదు. పుండ్లు మానితే మొత్తం 6 నెలల కోర్సు పూర్తి చేయాలి. మానకపోతే, మందులకు లొంగని టీబీ కాదని కల్చర్ ఫలితంతో సరిచూసుకొని క్రోన్స్ చికిత్సకు మారాలి. అలా మారకుండా టీబీ మందులనే 9 నెలలు సాగదీస్తే, ఈలోగా పేగు ఇరుకై ఆపరేషన్ దాకా రావచ్చు.

ఫిస్టులా, పొడవాటి పుండ్లు కలిసి స్పష్టంగా క్రోన్స్‌నే సూచిస్తున్నప్పుడు ఈ పరీక్షాకాలం కూడా అనవసరం. పేగు పూర్తిగా మూసుకుపోయినా, చిల్లుపడినా ఎదురుచూసే వ్యవధి ఉండదు. ఆపరేషన్‌లో తీసిన భాగమే చాలాసార్లు జవాబు చెబుతుంది.

క్రోన్స్ అని తేలిన తరువాత స్టెరాయిడ్లు పేగు వాపును అణచడానికే గాని ఏళ్ల తరబడి వాడడానికి కాదు. రోగనిరోధక శక్తిని అణచే అజాథయోప్రిన్ మొదలుపెడితే తెల్ల రక్తకణాల సంఖ్యను తరచు చూస్తుండాలి. ఆసియా వారిలో కొందరికి జన్యుకారణాల వల్ల అవి ప్రమాదకరంగా పడిపోతాయి. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ఇన్‌ఫ్లిక్సిమాబ్, తరువాత వచ్చిన అడాలిముమాబ్ (రెండూ ఇంజెక్షన్‌గా ఇచ్చే, వాపును అణచే మందులు) శక్తిమంతమైనవే అయినా నిద్రాణంగా ఉన్న టీబీని లేపగలవు కనుక, వాటికి ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్షలు మళ్లీ చేయించుకోవలసిందే.