హెచ్‌ఏప్రాక్సీ ఆరేళ్ల వాడకం: ముందు ఇంకో ప్రాక్సీ ఉన్నప్పుడు సెషన్ నిలవాలంటే

హనుమకొండలో ఒక కాలేజీ ఫీజు, పరీక్షల పోర్టల్‌కు ఆరేళ్లుగా లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే అభ్యర్థనలను పలు సర్వర్లకు పంచే సాఫ్ట్‌వేర్) హెచ్‌ఏప్రాక్సీయే. 2.0తో మొదలై ఇప్పుడు 2.8 మీద నడుస్తోంది. వెనక మూడు యాప్ సర్వర్లు, ఏ సర్వర్ సెషన్లు (ఎవరు లాగిన్ అయ్యారన్న వివరాలు) దాని మెమరీలోనే ఉంటాయి. ముందు టీఎల్‌ఎస్ (హెచ్‌టీటీపీఎస్ ఎన్‌క్రిప్షన్) విప్పే ఎన్‌జిన్‌ఎక్స్ అనే ప్రాక్సీ, అంటే మధ్యవర్తి సర్వర్. లోడ్ పంచే విషయంలో ఈ ఆరేళ్లలో వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. తలనొప్పి అంతా ఒక్కచోటే: లాగిన్ అయిన విద్యార్థి రెండో పేజీ నొక్కగానే అభ్యర్థన వేరే సర్వర్‌కు పోయి మళ్లీ లాగిన్ పేజీ రావడం.

చాలామంది మొదట పెట్టేది 'బ్యాలెన్స్ సోర్స్', అంటే వచ్చిన ఐపీని బట్టి సర్వర్‌ను ఎంచే పద్ధతి. ముందు ప్రాక్సీ లేనంతకాలం అది పనిచేస్తుంది. ప్రాక్సీ వచ్చాక హెచ్‌ఏప్రాక్సీకి కనిపించే ఐపీ ఆ ప్రాక్సీదే. ముందు ఒక్క ప్రాక్సీ ఉంటే ట్రాఫిక్ మొత్తం ఒకే సర్వర్ మీద పడుతుంది, మిగతా రెండూ ఖాళీగా కూర్చుంటాయి. లాగిన్‌లు పోవు కాబట్టి ఫీజు గడువు చివరి రోజు దాకా ఎవరికీ తెలియదు. రెండు ప్రాక్సీలు ఉంటే ఒకే మనిషి అభ్యర్థనలు రెండు ఐపీల నుంచి వచ్చి రెండు సర్వర్లకు పోవచ్చు. లాగిన్ ఎగిరిపోయేది అక్కడే. పైగా డిఫాల్ట్ హ్యాష్ (ఐపీ నుంచి సర్వర్‌ను లెక్కగట్టే) పద్ధతిలో ఒక సర్వర్ పడిపోతే బాగున్న సర్వర్ల మీది వాళ్లు కూడా చాలామంది చోటు మారతారు. 'హ్యాష్-టైప్ కన్సిస్టెంట్' పెడితే ఈ చెదురు తగ్గుతుంది.

అసలు ఐపీని ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్ (దారిలోని ప్రాక్సీలు తమకు కనిపించిన ఐపీని రాసే చోటు) నుంచి తీసుకోవచ్చు. అందులో చివరి విలువనే నమ్మాలి. మొదటిది బయటివాళ్లు ఏదైనా రాసి పంపొచ్చు. ప్రాక్సీ ప్రోటోకాల్ (కనెక్షన్ మొదట్లోనే అసలు ఐపీని చెప్పే పద్ధతి) వాడితే రెండు వైపులా ఒకేసారి మార్చాలి. పంపేవైపు ఆన్ చేసి ఇక్కడ హెచ్‌ఏప్రాక్సీ బైండ్ లైన్‌లో (ఏ పోర్టులో వినాలో రాసేది) 'యాక్సెప్ట్-ప్రాక్సీ' మరిచిపోతే 400 (చెడ్డ అభ్యర్థన) తప్పులు వస్తాయి. ఇక్కడ పెట్టి అక్కడ మరిచిపోతే కనెక్షనే తెగుతుంది.

ఇంత చేసి అసలు ఐపీ తెప్పించుకున్నా సెషన్‌కు అది ఆధారం కాదు. నయీంనగర్‌లో ఒక హాస్టల్ వైఫై వెనక వందల ఫోన్లకు బయట కనిపించే ఐపీ ఒక్కటే. ఆ పిల్లలే వైఫై ఆపి మొబైల్ డేటాకు మారితే ఐపీ మారుతుంది. అందుకే కుకీ పద్ధతే సరైనది: ఏ సర్వర్‌కు పోవాలో చెప్పే చిన్న గుర్తును బ్రౌజర్ దగ్గరే ఉంచడం.

కాన్ఫిగ్‌లో వెనక సర్వర్లను రాసే బ్యాకెండ్ విభాగంలో 'మోడ్ హెచ్‌టీటీపీ' ఉండాలి. తరవాత 'కుకీ' అని రాసి, ఒక పేరు పెట్టి, 'ఇన్సర్ట్ ఇన్‌డైరెక్ట్ నోక్యాష్' చేర్చాలి. ప్రతి సర్వర్ లైన్‌లోనూ దాని కుకీ విలువ విడిగా ఇవ్వాలి. కొత్తగా చేర్చిన సర్వర్‌కు ఈ విలువ మరిచిపోవడం తరచూ జరిగే తప్పు. ఆ ఒక్క సర్వర్‌కు వెళ్లినవాళ్లే నిలకడ లేకుండా తిరుగుతుంటారు, మిగతావాళ్లకు అంతా బాగానే ఉంటుంది. 'నోక్యాష్' తీసేయొద్దు. ముందు ప్రాక్సీ క్యాష్ చేస్తుంటే ఒకరి కుకీ పదిమందికి అందే ప్రమాదం ఉంది. టీఎల్‌ఎస్‌ను విప్పకుండా టీసీపీ మోడ్‌లో దాటిస్తే మాత్రం కుకీ దారి మూసుకుపోయినట్టే.

ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు బాగా నచ్చింది లాగ్. 'ఆప్షన్ హెచ్‌టీటీపీలాగ్' పెడితే ప్రతి లైన్‌లో నాలుగు అక్షరాల గుర్తు ఒకటి వస్తుంది. కుకీ సంగతి చివరి రెండు అక్షరాల్లో ఉంటుంది. 'ఎన్ ఐ' అంటే కుకీ రాలేదు, కొత్తది పెట్టాం. 'వి ఎన్' అంటే సరైన కుకీ వచ్చింది, చేసేదేమీ లేదు. 'డి ఐ' అంటే కుకీ చెప్పిన సర్వర్ పడిపోయింది, వేరేచోటికి పంపి కొత్తది ఇచ్చాం. 'ఐ ఐ' అంటే ఆ విలువ గల సర్వరే లేదు. మామూలుగా ఒక మనిషికి ఒక 'ఎన్ ఐ', ఆ తరవాత వరసగా 'వి ఎన్' కనిపించాలి. ప్రతి అభ్యర్థనకూ 'ఎన్ ఐ' వస్తుంటే కుకీ బ్రౌజర్ దాకా పోవడం లేదు, లేదా తిరిగి రావడం లేదు.

అప్పుడు కమాండ్ లైన్ నుంచి వెబ్ అభ్యర్థనలు పంపే కర్ల్‌తో కుకీ ఫైల్ ఇచ్చి నేరుగా హెచ్‌ఏప్రాక్సీకి పది అభ్యర్థనలు, ముందు ప్రాక్సీ ద్వారా ఇంకో పది పంపి చూడాలి. మొదటి పదీ ఒకే సర్వర్‌కు పోయి రెండోవి చెదిరితే తప్పు ముందు ప్రాక్సీలో ఉంది. ఎన్‌జిన్‌ఎక్స్‌లో సెట్-కుకీని (కుకీని బ్రౌజర్‌కు ఇచ్చే హెడర్) దాచే లైను ఏదైనా ఉందేమో వెతకాలి. కుకీకి 'సెక్యూర్' పెట్టి ఉంటే ఉత్త హెచ్‌టీటీపీ మీద కర్ల్ దాన్ని వెనక్కి పంపదు. ఆ పరీక్షను నమ్మి కాన్ఫిగ్ మార్చకండి.

ఇంకో చిక్కు పట్టుకోవడానికి చాలా సమయం తీసుకుంటుంది. హెచ్‌ఏప్రాక్సీ రెండు అంచెల్లో ఉండి, రెండింటిలో కుకీ పేరు ఒకటే అయితే బయటి అంచె లోపలి అంచె ఇచ్చిన కుకీని తీసేసి తనది పెడుతుంది. 'ఇన్‌డైరెక్ట్' వల్ల తిరిగి వచ్చేటప్పుడు తన కుకీని లోపలికి పోనివ్వదు. దాంతో లోపలి లాగ్‌లో ఎప్పటికీ 'ఎన్ ఐ'నే. పేర్లు వేరు చేస్తే చాలు.

సర్వర్ మార్పుల రోజున దాన్ని నేరుగా ఆపకుండా ముందు 'డ్రెయిన్' స్థితిలో పెట్టండి. కుకీ ఉన్నవాళ్లు అక్కడే పని ముగించుకుంటారు, కొత్తవాళ్లు వేరే సర్వర్లకు పోతారు. 'ఆప్షన్ రీడిస్పాచ్' (అందని సర్వర్‌కు పోవాల్సినవాళ్లను వేరే సర్వర్‌కు మళ్లించేది) తప్పక ఉండాలి. డిఫాల్ట్‌గా సర్వర్ బతికి ఉందా అన్న చెక్ 2 సెకన్లకు ఒకసారి జరుగుతుంది, వరసగా 3 విఫలమైతేనే సర్వర్ పడిపోయినట్టు లెక్క. ఆ లోపు వచ్చినవాళ్లకు ఈ ఆప్షన్ లేకపోతే 503 (సేవ అందుబాటులో లేదు) ఎదురవుతుంది.

నచ్చనిది ఒకటుంది. స్టిక్ టేబుల్ (ఎవరు ఏ సర్వర్‌కో హెచ్‌ఏప్రాక్సీ తన మెమరీలో ఉంచుకునే పట్టిక) వాడితే రీలోడ్ చేసిన (కొత్త కాన్ఫిగ్‌తో కొత్త ప్రాసెస్ మొదలుపెట్టిన) ప్రతిసారీ అది ఖాళీ అవుతుంది. ఒక్క మెషీనే ఉన్నా 'పీర్స్' విభాగంలో దాని పేరే రాసి, టేబుల్‌ను దానికి కలిపితే పాత ప్రాసెస్ తన టేబుల్‌ను కొత్తదానికి అప్పజెబుతుంది. కుకీకి ఈ బాధ లేదు, ఆ సమాచారం బ్రౌజర్ దగ్గరే ఉంటుంది కాబట్టి పరీక్ష ఫీజుల వారంలో కూడా పగలే రీలోడ్ చేసుకోవచ్చు.